గోరు పట్టే సందు

హోసూరు,
7 సెప్టెంబరు 2025

మామా,

ముందే చెబుతున్నాను, ఉత్తరం రాయడం నాకు రాదు. బస్సెక్కించేటప్పుడు నువ్వు పెట్టిన షరతు కాబట్టి రాస్తున్నాను. "ఫోన్‌ల ఏముంటది బిడ్డా? తిన్నవా అంటే తిన్న, పన్నవా అంటే పన్న. గంతేనాయె. కాయితం మీద రాయి" అన్నావు. ముప్పై ఏళ్లుగా ఊళ్లన్నిటికీ ఉత్తరాలు మోస్తున్నా నీ పేరున ఒక్కటీ రాలేదన్నావు చూడు, ఆ మాట మూడు నెలలుగా గుచ్చుతూనే ఉంది. ఆలస్యానికి తిట్టు. కానీ ఇదిగో, వచ్చింది. నీ సంచిలోంచి నువ్వే తీసి నీకే ఇచ్చుకో.

మన ఇంటి మాటకు లిపి లేదు కాబట్టి నువ్వు నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపకు, నాకిప్పుడు ఇరవై రెండేళ్లు.

ఇక్కడ తయారయ్యేవి రేడియోలు. నా పని తయారీ కాదు, చూడటం. పన్నెండు టేబుళ్లు, పన్నెండు మంది ఆడపిల్లలం. ఒక్కో రేడియోకు ఇరవై రెండు సెకన్లు. గీతలు పడ్డాయా, బటన్ వంకరగా ఉందా, పెట్టె అంచుల మధ్య సందు ఉందా, ఇవన్నీ చూడాలి. సందు కోసం ఒక సన్నని రేకు ఇచ్చారు. అది లోపలికి దూరితే రేడియోను పక్కన పెట్టాలి. దూరకపోతే సెల్లుల మూత లోపల మా టేబుల్ నంబరు చీటీ అంటించి ముందుకు తోయాలి. నాది తొమ్మిది. మా నంబరున్న రేడియోను కొన్నవాళ్లు తిప్పి పంపితే అది మా పేరు మీద రాస్తారు. ఒకటీ అరా వస్తే ఏమీ అనరులే.

జనవరిలో పర్మినెంట్ లిస్టు పెడతారట. నా పేరు ఉంటుందనే అందరూ అంటున్నారు. ఉంటే వేరే గది ఇస్తారు. నిన్ను ఒక నెల తెచ్చిపెట్టుకుంటాను.

తీజ్ పండుగకు సెలవు ఇవ్వలేదు. "బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోయడానికి తొమ్మిది రోజులు సెలవా?" అని సూపర్‌వైజర్ నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేయను? హాస్టల్ గదిలో ఆరుగురం ఉన్నాం. పక్క మంచం వైశాలిది దెగ్లూరు. మన వైపు బస్సుల పేర్లు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచింది నువ్వూ దేవీ అత్తే. అత్త పోయి రెండేళ్లయింది, ఇప్పుడు నేనూ వచ్చేశాను. ఆ కిరాయి గదిలో నువ్వొక్కడివే కూర్చుని తింటుంటావని గుర్తొస్తే నా చెయ్యి ఆగిపోతుంది, వెనక రేడియోలు పేరుకుపోతాయి.

నీ మేనకోడలు పిల్ల
గీత

*

బాన్సువాడ,
19 సెప్టెంబరు 2025

బిడ్డ గీతకు, మామ తారాచంద్ దీవెనలు.

మొన్న పొద్దున సంచి కట్టేటప్పుడు బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు, కోర్టు కాగితాల నడుమ నా పేరు కనిపించింది. ఇంకెవరైనా తారాచంద్ ఉన్నాడేమో అని రెండుసార్లు చదివాను. సంతకం అక్కర్లేని ఉత్తరమే అయినా నా చేతి పుస్తకంలో సంతకం పెట్టుకున్నాను. నస్రుల్లాబాద్ దారిలో కాలువ గట్టు మీద బండి ఆపి చదివాను. ఆ రోజు అందరికీ ఉత్తరాలు గంట ఆలస్యంగా అందాయి. ఎవరూ అడగలేదు, ఇప్పుడు ఉత్తరం కోసం ఎదురుచూసే వాళ్లెవరున్నారు?

తప్పులు మూడే ఉన్నాయి. దిద్దలేదు.

నేనొక పని చేశాను. భూమేశ్ దుకాణానికి పోయి మీ కంపెనీ రేడియో కొన్నాను. పదకొండు డబ్బాలు తీయించేసరికి భూమేశ్ చేతులు నడుముకు పెట్టుకున్నాడు. "ఏందన్నా గిది, పెండ్లిపిల్లను సూస్తున్నవా? అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్ గద!" అన్నాడు. "నాకు నచ్చింది దొరికేదాక తీస్త, నీకేంది తొందర?" అన్నాను. పదకొండోది నచ్చింది.

దాన్ని మీ అత్త పెట్టె మీద పెట్టాను. అన్నం తినేటప్పుడు పెట్టుకుంటాను. నిన్న ఇంటావిడ గంగవ్వ తలుపు దగ్గర నిలబడి, "ఏం తారాచందూ, సుట్టాలచ్చిన్రా? మాటలినిపిస్తున్నయ్" అంది. "అవ్, వచ్చిన్రు" అన్నాను.

ఒక మాట ఊరికే అడుగుతాను. రేడియో పెట్టె కింది మూలలో గోరు పట్టేంత సందు ఉంటే మీ దగ్గర దాన్ని తప్పు అంటారా? పాట మంచిగానే వస్తుందనుకో. ఊరికే అడుగుతున్నాను.

సెలవు ఇవ్వనందుకు బాధపడకు. తండా పిల్లలు నీ పేరున ఒక బుట్ట వేశారని చెప్పారు.

మామ

*

హోసూరు,
30 సెప్టెంబరు 2025

మామా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. నీ రేడియోకు సందు ఉంది, అవునా? పదకొండు డబ్బాలు తీయించి ఏరి ఏరి సందు ఉన్నదాన్ని పట్టుకొచ్చావా! వైశాలికి చెబితే మంచం మీద పడి నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత కోపం వచ్చింది.

వెంటనే కంప్లైంట్ చెయ్యి. బిల్లు తీసుకుని భూమేశ్ దగ్గరికి పో, లేదా డబ్బా మీద ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యి. పాట వస్తుంది కదా అనకు. ఆ మాటే అందరూ అంటారు. ఆ సందులోంచి దుమ్ము పోతుంది, పురుగు పోతుంది, ఏడాదిలో మూలుగుతుంది. అప్పటికి గ్యారంటీ తీరిపోతుంది.

అసలు సంగతి చెబుతాను. మా లైనులో ఒక అచ్చు అరిగిపోయింది. ఆ అచ్చులోంచి వచ్చిన ప్రతి పెట్టెకూ ఎడమ మూల ఎత్తుగా ఉంటుంది. మేం పక్కన పెడుతూనే ఉన్నాం, వాళ్లు గట్టిగా నొక్కి మళ్లీ మా ముందుకే పంపుతున్నారు. నేను రెండుసార్లు చెప్పాను. "బయట ఎవరూ అడగటం లేదు, నీకేంటి?" అన్నారు. బయట అడగాలి మామా! పదిమంది అడిగితే అచ్చు మారుస్తారు. అప్పుడు పన్నెండు మందిమీ బతికిపోతాం.

నీకు అడగటం రాదు. బస్సులో చిల్లర ఇవ్వకపోతే అడగవు, దవాఖానలో నీ తర్వాత వచ్చినవాళ్లు ముందు పోతే అడగవు. మనం తండావాళ్లం, తల వంచుకుని పోవాలి అనుకుంటావు. అత్తకు అది నచ్చేది కాదు. నాకూ నచ్చదు.

మూత లోపల చీటీ మీద ఏ నంబరుందో రాయి. ఆ పిల్లకు చెప్పి జాగ్రత్తగా చూడమంటాను. డబ్బా అడుగున పొడుగు నంబరు ఉంటుంది, అదీ రాయి. ఏ రోజు తయారైందో చూస్తాను.

గీత

*

బాన్సువాడ,
10 అక్టోబరు 2025

బిడ్డా,

నీ ఉత్తరంలో కారం బాగా పడింది. అత్తకు నచ్చేది కాదన్నావు, నిజమే.

పోస్టు పని రాకముందు నేను ఒక రైస్‌మిల్లులో బస్తాల మూతులు కుట్టేవాడినని నీకు తెలుసు. ఎందుకు మానేశానో తెలియదు. సేటు పాత దారం తెచ్చాడు, చేతితో లాగితే తెగేది. "సేట్, గీ దారం ఆగది" అని చెప్పాను. "కుట్టుడు నీ పని, దారం నా పని" అన్నాడు. తర్వాత ఎక్కడో లారీలో ఒక బస్తా విప్పుకుందట. కొన్నాయన కంప్లైంట్ రాశాడు. ఆయన తప్పు కాదు, ఆయన బియ్యమే కదా పోయింది. కాగితం సేటు దగ్గరికి వచ్చింది, సేటు మేస్త్రీని పిలిచాడు, మేస్త్రీ నన్ను పిలిచాడు. నా తర్వాత పిలవడానికి ఎవరూ లేరు. ఆ రోజే పొమ్మన్నారు. ఆ యేడు మీ అత్త చెరకు నరకడానికి పోయింది. దారం మాత్రం ఇంకో రెండేళ్లు అదే వాడారు.

అందుకే నాకు కంప్లైంట్ అంటే భయం. తల వంచుకోవడం కాదు. ఆ కాగితం తిరిగి తిరిగి చివరన నిల్చున్న మనిషి దగ్గర ఆగుతుంది. ఆ మనిషికి కూడా ఇల్లు ఉంటుంది.

చీటీ మీద నంబరు చెరిగిపోయింది, కనిపించడం లేదు. పొడుగు నంబరు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. ఏ రోజుదో చెప్పు, నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆ రోజు అక్కడ ఎండగా ఉందో వానగా ఉందో కూడా రాయి.

రేడియో నాకు నచ్చింది. ఆ సందుతో నాకు ఇబ్బంది లేదు. లోపలి చిన్న లైటు ఆ మూల నుంచి కొంచెం బయటికి కనిపిస్తుంది, అంతే.

మామ

*

హోసూరు,
22 అక్టోబరు 2025

మామా,

దీవాళీ రోజు నువ్వు ఒక్కడివే ఉన్నావా? నాకు ఎప్పుడూ ఇదే ఆలోచన. ప్రతి యేడూ దీపం పట్టుకుని నీకూ అత్తకూ మేరా చెప్పి దీవెన అడిగేదాన్ని. ఈసారి వైశాలి ముందు నిలబడి చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు, అయినా తల మీద చెయ్యి పెట్టింది. బాత్రూములోకి పోయి ఏడ్చాను.

ఇక తిట్టడానికి సిద్ధంగా ఉండు. నీ పేరు మీద నేనే కంప్లైంట్ వేశాను. నీ పొడుగు నంబరు, నీ ఫోన్ నంబరు, గది అడ్రసు, సందు సంగతి అంతా కంపెనీ వెబ్‌సైట్‌లో రాశాను. మనిషి వచ్చి పాతది తీసుకుపోతాడు, కొత్తది ఇస్తాడు. నువ్వు ఒక్క మాట మాట్లాడక్కర్లేదు.

నీ మిల్లు కథ చదివాను. నువ్వు ఇన్నేళ్లు చెప్పకపోవడమే నాకు ఎక్కువ బాధ. కానీ ఆలోచించు. పదిమంది రాసి ఉంటే దారం మారేది కదా? ఒక్కడే రాశాడు, అందుకే నీ మీద పడింది. ఇక్కడ ఒక్క రేడియో తిరిగొస్తే ఎవరికీ ఏమీ కాదు. నంబరును బట్టి నీది ఆగస్టు పదహారున తయారైంది. పన్నెండు మందిమీ ఉన్నాం ఆ రోజు. ఎవరు చూసిందో తెలియదు, తెలియకపోతేనే మంచిది.

ఆ రోజు ఇక్కడ ముసురు. నాకు బాగా గుర్తు, ఎందుకంటే మన తండాలో తీజ్ బుట్టలు వాగులో కలిపే రోజు అది.

కొత్త రేడియో మూలలన్నీ గోరుతో చూసుకుని, ఎట్లా ఉందో రాయి.

గీత

*

బాన్సువాడ,
4 నవంబరు 2025

గీతకు,

కంపెనీ కాగితం స్పీడ్ పోస్టులో వచ్చింది. నా సంచిలోనే. "మీ ఫిర్యాదు అందినది" అని ఉంది. నేనెప్పుడు చేశానా అని చూస్తుంటే తర్వాత నీ ఉత్తరం కనిపించింది. రెండూ ఒకే రోజు వచ్చాయి.

వద్దని చెబుదామని ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. మనిషి గొంతు రాలేదు. భూమేశ్‌ను అడిగితే, "కొత్తది ఫిరీగ ఇస్తుంటే అద్దంటవేందన్నా? దిమాక్ కరాబైందా?" అన్నాడు.

ఇరవై తొమ్మిదిన నేను కోటగిరి వైపు పోయినప్పుడు ఆ మనిషి గదికి వచ్చాడట. గంగవ్వ తాళం తీసి రేడియో ఇచ్చేసింది. మంచే అనుకుంది పాపం. నేను వచ్చేసరికి పెట్టె మీద కొత్తది ఉంది.

కొత్తది మంచిగా ఉంది. సందు లేదు. గోరు పెట్టి చూశాను, ఎక్కడా పట్టదు. మూత లోపల నాలుగో నంబరు ఉంది.

దీవాళీకి ఎవరూ రాలేదు. ఇది తండా కాదు కదా. అప్పటికి పాతది ఇంకా ఉంది.

ఇగ రేడియో సంగతి రాయకు. వేళకు తిను.

మామ

*

హోసూరు,
20 నవంబరు 2025

మామా,

రాయకు అన్నావు. రాయక తప్పదు.

నీ నవంబరు ఉత్తరం చూసి నామీద అలిగావనుకున్నాను. అడక్కుండా నీ పేరు వాడుకున్నానని కోపమేమో అనుకున్నాను. కొత్త రేడియో ఇప్పిస్తే ఇంత ముక్తసరిగా రాస్తాడా అని నాకూ కోపం వచ్చి వారం రోజులు పెన్ను ముట్టలేదు.

ఇక్కడొక పద్ధతి ఉంది. తిరిగొచ్చిన రేడియోను దాన్ని చూసిన పిల్లే అందరి ముందు తెరిచి, తప్పు ఏమిటో నోటితో చెప్పాలి. సోమవారం పొద్దున నా టేబుల్ మీద ఒకటి పెట్టారు. రేకు పెట్టాను, ఎడమ మూలలో నేరుగా దూరింది. మూత తీశాను. తొమ్మిది. నంబరు ఎక్కడా చెరగలేదు మామా. దాని కింద నీలం సిరాతో, సున్నా గుండ్రంగా చుట్టే ఆ చేతిరాతతో "మా గీత చూసింది" అని ఉంది.

అప్పుడు తెలిసింది పదకొండు డబ్బాలు ఎందుకు తీయించావో.

సూపర్‌వైజర్ "చెప్పు, తప్పు ఏంటి?" అన్నాడు. నేను ఆ నీలం రాతనే చూస్తున్నాను. "ఈ రాత ఎవరిది?" అన్నాడు. మా మామది అన్నాను. ఎవరో నవ్వారు. వైశాలి నవ్వలేదు.

నేను నీకొకటి చెప్పలేదు. సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో ఒకటి నా నంబరువి అప్పటికే తిరిగొచ్చాయి. నువ్వు ఫికర్ పడతావని రాయలేదు. మూడు వస్తే లిస్టులోంచి పేరు తీసేస్తారు. మూడోది నీది. నేనే వేశాను. ఒకటో తేదీ నుంచి నన్ను అట్టపెట్టెలకు టేపు వేసే పనిలో పెడుతున్నారు, అది కూడా జనవరి ఆఖరు వరకే.

నీ మీద అరవాలని ఉంది. నంబరు తొమ్మిది అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మళ్లీ నామీద నాకే కోపం వస్తుంది. అప్పటికే రెండు తిరిగొచ్చాయని నేను రాసి ఉంటే నువ్వు చెప్పేవాడివి కదా?

ఇంకొకటి చెప్పాలి. అచ్చు మార్చారు. ఈ నెలలో ఎడమ మూల కంప్లైంట్లు పద్నాలుగు వచ్చాయట, నీది కూడా కలిపి. కొత్త పెట్టెల్లో రేకు దూరడం లేదు. నేను చెప్పింది నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే.

కానీ ఆ ఒక్కదాని తప్పు అచ్చుది మాత్రమే కాదు. పదహారో తేదీన నా చేతిలో రేకు ఉంది. ఇప్పుడు బుట్టలు తలకెత్తుకుని ఉంటారు, ఇప్పుడు వాగు దగ్గరికి పోయి ఉంటారు అనుకుంటూ చీటీలు అంటించాను. ఆ రోజు చాలావాటికి నేను రేకు పెట్టనే లేదు.

ఆ రేడియోను నాకివ్వమని అడిగాను. కుదరదన్నారు. ఇంకా మా అరలోనే ఉంది, నెలాఖరుకు తుక్కులోకి పోతుందేమో. పోతూ వస్తూ చూస్తున్నాను.

గీత

*

బాన్సువాడ,
2 డిసెంబరు 2025

గీతా, నా బిడ్డా,

నీ ఉత్తరం కాలువ గట్టు మీద చదివాను. తర్వాత ఇంకే ఉత్తరమూ పంచలేకపోయాను. సంచి అట్లాగే ఆఫీసుకు తెచ్చి ఒంట్లో బాగాలేదని చెప్పాను. ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.

నీ నంబరు నేను దాచాను. మా ఇంటి నుంచి నీ మీద ఒక్క మచ్చ పోకూడదనుకున్నాను. దాచడం వల్లే పోయింది. నువ్వు పసిదానివి, నీకు రెండు దాచే హక్కు ఉంది. నాకు లేదు.

దుకాణంలో మూతలు తీస్తుంటే ఒకటి, ఏడు, పన్నెండు, మూడు వస్తున్నాయి. తొమ్మిది వచ్చేసరికి దాన్ని వెలుతురులోకి తెచ్చాను. సందు అక్కడే కనిపించింది నాకు. భూమేశ్ కూడా చూసి, "గీ మూల లేసింది, ఇంకోటి తీస్కోరాదు" అన్నాడు. ఇంకోదాంట్లో నువ్వు లేవు కదా. సాయంత్రం అన్నం పెట్టుకుని ఆ సందు మీద వేలు పెట్టేవాడిని. ఇక్కడ నా బిడ్డ చెయ్యి ఆగింది, ఎందుకు ఆగిందో అనుకునేవాడిని. ఇప్పుడు నువ్వు రాశావు, ఎందుకు ఆగిందో.

కొత్తది పెట్టుకుంటే మాటలు బాగా వినిపించేవి. కానీ చుట్టాలు వచ్చినట్టు ఉండేది కాదు. గంగవ్వ కూడా అడగడం మానేసింది.

జనవరి తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం. ఇంకో కంపెనీకి పోతే ఆ అడ్రసుకు రాస్తాను. ఇక్కడికి వస్తే గది ఉంది, నీ మంచం తీయలేదు.

నాకు అడగటం రాదన్నావు. నిన్న అడిగాను. బతుకులో మొదటి కంప్లైంట్ రాశాను. నకలు కింద ఇస్తున్నాను, తప్పులుంటే దిద్దు.

"రేడియో కంపెనీ పెద్ద అధికారి గారికి, బాన్సువాడ పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే తారాచంద్ నమస్కరించి రాసుకునే ఫిర్యాదు. అయ్యా, మీరు మార్చి ఇచ్చిన కొత్త రేడియోలో ఒక లోపం ఉన్నది. మూలలు సరిగానే ఉన్నవి. పాట, వార్తలు బాగానే వచ్చుచున్నవి. కానీ మూత లోపల తొమ్మిదో నంబరు లేదు. నేను డబ్బులిచ్చి కొన్నది ఆ నంబరునే. సందు వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదని, ఆ ఫిర్యాదు నేను చేసినది కాదని, దానిని తొమ్మిదో టేబుల్ పిల్ల లెక్కలో నుంచి కొట్టివేయవలెనని కోరుచున్నాను. నా పాత రేడియో తుక్కులో వేయక నాకు తిప్పి పంపగలరు. కొత్తది ఇందుతో వాపసు చేయుచున్నాను."

కొత్త రేడియోను గుడ్డలో చుట్టి, పార్సిల్ కుట్టి, ఈ కాగితం లోపల పెట్టి రిజిస్టర్ చేశాను. మూతి నేనే కుట్టాను, మంచి దారంతో. ముద్ర కూడా నేనే వేశాను. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి నా సంచిలోకే రావాలి.

ఇప్పుడు పెట్టె మీద ఏ రేడియో లేదు. రోజూ పొద్దున సంచి విప్పగానే ముందు నా పేరు ఉందేమో చూస్తున్నాను.

మామ